మన ఊరి నెలవంకా, మక్కా నెలవంకా?

'టీచరమ్మను అడగండి' శీర్షిక

రంజాన్ దగ్గర పడుతోందనగానే నాకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. పిల్లల మార్కులు, ఆడపడుచుల అలకలు వెనక్కి పోయి నెలవంక ముందుకొస్తుంది. ఈసారి శీర్షిక అంతా దానికే వదిలేశాను. ముందుగా ఒక మాట. నేను మతతీర్పులు చెప్పే ముఫ్తీని కాను. కడప జిల్లా పరిషత్ హైస్కూళ్లలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయినదాన్ని. నలుగురు అన్నదమ్ములున్న ఇంటికి పెద్దకోడలిగా వచ్చి, ఇరవై తొమ్మిదో రోజా (ఉపవాసం) సాయంత్రాలను, నెలవంక కనబడితే మరునాడే ఈద్ అయ్యే ఆ సాయంత్రాలను, వంటింటి వైపు నుంచి చూసినదాన్ని. మసలా (ధర్మసందేహం) తేల్చాల్సిన చోట మీ ఊరి ఆలిమ్‌నే (మతపండితుడినే) అడగండి. మిగిలినదానికి నేనున్నాను.

టీచరమ్మ గారికి సలాం. మావారు కువైట్‌లో డ్రైవరు. నేను అత్తమామలతో, మరిదితో ఉంటాను. 2025 రంజాన్‌కు మా మరిది సౌదీ, కువైట్ వాళ్లతో పాటే మార్చి 30న పండుగ అంటూ ఉపవాసం మానేశాడు. మామగారు ఊరితో పాటు 31న చేసుకున్నారు. ఒకే ఇంట్లో ఒకరికి ఈద్, మిగతా వాళ్లకు రోజా. నేను రెండు రోజులూ షీర్‌ఖుర్మా వండాను. మావారేమో ఫోన్లో "ఇక్కడ పండుగ అయిపోయింది, మీదింకా కాలేదా" అని నవ్వారు. మళ్లీ అదే గొడవ వచ్చేలా ఉంది. ఎవరిది సరి?
ఒక కోడలు, రాయచోటి

అమ్మాయీ, ముందు ఆకాశం సంగతి చూద్దాం. 2025 మార్చి 29న పాక్షిక సూర్యగ్రహణం పట్టింది, మన దేశంలో కనబడలేదు గానీ. సూర్యగ్రహణం పట్టేది అమావాస్య ఘడియలోనే కదా. మన గడియారంలో ఆ ఘడియ సాయంత్రం దాదాపు నాలుగున్నర. ఆ రోజు మక్కాలో పొద్దు గుంకేసరికి చంద్రుడికి ఐదు గంటల వయసైనా లేదు. అంత లేత వంక కంటికి ఆనదని ఖగోళం తెలిసినవాళ్లు ముందే అన్నారు. సౌదీ సుప్రీం కోర్టు మాత్రం చూశామన్న వాళ్ల సాక్ష్యాన్ని అంగీకరించి 30న ఈద్ అని ప్రకటించింది. కువైట్‌లోనూ అదే రోజు. సౌదీని ఆనుకునే ఉన్న ఒమన్ 31న చేసుకుంది. కాబట్టి "అరబ్బు దేశాలన్నీ ఒక రోజు, మనమొక్కరమే ఇంకో రోజు" అని మీ మరిది అంటే, ఆ మాటకు గల్ఫ్‌లోనే గండి పడిందని చెప్పండి.

ఇక మన వైపు. మార్చి 30 ఉగాది. పక్కింటి నుంచి పచ్చడి గిన్నె వచ్చింది ఆ రోజే, గుర్తుందా? మనం రోజాలు మొదలుపెట్టింది మార్చి 2న, సౌదీ మార్చి 1న. అంటే ఉగాది మనకు ఇరవై తొమ్మిదో రోజా. ఆ సాయంత్రానికి చంద్రుడి వయసు ఇరవై ఆరు గంటలు. మన దేశంలో చక్కగా కనిపించాడు, మరునాడు ఈద్. మీ మామగారు చేసినదాంట్లో లెక్క తప్పలేదు, మాట తప్పలేదు.

మనం తరచూ ఒక రోజు వెనకే ఉంటాం, ఎందుకని చాలామంది అడుగుతారు. అమావాస్య దాటాక చంద్రుడు సూర్యుడి నుంచి గంటకు అర డిగ్రీ చొప్పున ఎడంగా జరుగుతాడు. మక్కాలో మనకంటే సుమారు రెండున్నర గంటలు ఆలస్యంగా పొద్దు గుంకుతుంది. అంతసేపట్లో చంద్రుడు ఒక డిగ్రీకి పైగా ఎడమవుతాడు. మనకు అంచున తప్పిపోయిన వంక పడమటి వాళ్లకు దొరికే వీలుంటుంది. ఇందులో వాళ్ల భక్తి ఎక్కువా లేదు, మన చూపు తక్కువా లేదు.

ఇది ఫోన్లు వచ్చాక పుట్టిన తగాదా కూడా కాదు. సహీహ్ ముస్లిం అనే హదీసు (ప్రవక్త మాటలు, చేతల) గ్రంథంలో ఒక ఉదంతం ఉంది. ఉమ్ముల్ ఫజ్ల్ అనే ఆవిడ ఏదో పని మీద కురైబ్ అనే అతన్ని సిరియాకు పంపింది. అక్కడ ఆయన శుక్రవారం రాత్రి నెలవంక చూశాడు. నెలాఖరుకు మదీనా తిరిగి వస్తే, ఆవిడ కొడుకు ఇబ్నె అబ్బాస్ "మేం శనివారం రాత్రి చూశాం. మళ్లీ చూసేదాకా, లేదా ముప్పై నిండేదాకా రోజాలు ఉంటాం" అన్నారు. సిరియాలో పాలకుడు ముఆవియా చూశారు, అది సరిపోదా అని కురైబ్ అడిగితే, సరిపోదన్నారు. ప్రవక్త తమకు ఆదేశించింది ఇదేనన్నారు. ఎక్కడ చూసినా అందరికీ చెల్లుతుందనే ఉలమాలూ (మతపండితులూ) ఉన్నారు, హనఫీ అనే ధర్మశాస్త్ర సంప్రదాయం గ్రంథాల్లోనూ ఆ మాట ఉంది. మీ మరిది పట్టుకున్నది ఆ కొసనే. కానీ అది ఊరంతా, దేశమంతా కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. ఒక ఇంట్లో ఒక గది తీసుకునేది కాదు. మార్చి 30న అతను ఈద్ నమాజు ఎవరి వెనక చదివాడో అడగండి. ఈద్గా ఖాళీగా ఉన్న రోజు ఈద్ ఎలా అవుతుంది?

మీవారు కువైట్‌లో కువైట్‌తో, మీరు రాయచోటిలో రాయచోటితో. ఫోన్లో రెండు రోజులూ ముబారక్ చెప్పుకోండి, నష్టం లేదు.

వంట సంగతి నా సొంత తీర్పు. ఎండు ఖర్జూరం నానబెట్టి తరగడం, సారపప్పు పొట్టు తీయడం, బాదం చీలికలు చేయడం, సేమ్యా నేతిలో వేయించి డబ్బాకెత్తడం ఇరవై ఎనిమిదో రోజాకే ముగించండి. పాలు మాత్రం ప్రకటన వచ్చాకే పొయ్యి మీద పెట్టండి. పాలవాడికి ముందే రెండు తేదీలూ చెప్పి ఉంచితే రాత్రి తొమ్మిదింటికి పరుగులు ఉండవు. ఎవరైనా ఊరితో సంబంధం లేకుండా ముందురోజే పండుగ చేసుకుంటానంటే ఆ రోజు గరిటె వాళ్ల చేతికే ఇవ్వండి. నియ్యత్ (సంకల్పం) వాళ్లది, చాకిరీ మీదా?

అమ్మా, నేను షార్జాలో రోజాలు మొదలుపెట్టి చివరి వారంలో సెలవు మీద నెల్లూరు వస్తున్నాను. అక్కడ ఒక రోజు ముందు మొదలవుతుంది కాబట్టి ఇక్కడ 30 అయితే నాకు 31 అవుతాయి. నెలకు 31 రోజులు ఉండవు కదా, చివరిది మానేయవచ్చా?
ఒక సోదరుడు, నెల్లూరు

మానవద్దు బాబూ. ఉన్న ఊరి జనంతోనే రోజా, ఆ జనంతోనే ఈద్. మీ ఖాతాలో 31 పడినా ఇంటివాళ్లతో పాటు సహర్‌కు (తెల్లవారుజాము భోజనానికి) లేవాల్సిందే. దీనికి ఎదురు కూడా జరుగుతుంది. ఇక్కడ మొదలుపెట్టి నెల మధ్యలో అటు వెళ్లినవారికి 28 రోజాలకే ఈద్ రావచ్చు. వాళ్లు పండుగ చేసుకుని, తర్వాత ఒక రోజా కజాగా, అంటే బదులుగా, పెట్టుకుంటారు. నెల 29కి తగ్గదు కాబట్టి.

మేడమ్, నేను విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. అమావాస్య ఘడియ సెకన్లతో సహా ఫోన్లో కనిపిస్తుంది. అయినా రాత్రి పది దాకా కమిటీ ప్రకటన కోసం ఎదురుచూడటం, ఇంటికి ఏ రోజు బస్సు టికెట్ తీసుకోవాలో తెలియకపోవడం విసుగ్గా ఉంది. సైన్సు టీచరుగా మీరైనా లెక్కను సమర్థించాలి కదా?
ఒక విద్యార్థి

లెక్కను నేనెందుకు కాదంటాను బాబూ, దానితోనే ఇన్నేళ్లు తిండి తిన్నాను. నమాజు వేళలకు మసీదు గోడ మీది పట్టిక చూస్తున్నాం, ఎవరూ కర్ర పాతి నీడ కొలవడం లేదు. టర్కీ ఎన్నో ఏళ్లుగా లెక్క మీదే నడుస్తోంది. ఉత్తర అమెరికా ఫిఖ్ (ధర్మశాస్త్ర) కౌన్సిల్ 2006లో లెక్కకు మారింది. అక్కడ ఆ పద్ధతి పాటించే కుటుంబాలు ఈద్ సెలవు కోసం ఆఫీసులో నెలల ముందే చెప్పుకోగలుగుతున్నాయి. సౌదీలోనూ ఆఫీసు పనులకు ఉమ్ముల్ ఖురా అనే అచ్చు క్యాలెండరు ఉంది; రంజాన్‌కు, హజ్‌కు మాత్రం చూసినవాళ్ల సాక్ష్యం అడుగుతారు.

అయితే నీ ఫోను చెప్పేది ఏమిటో సరిగ్గా చూడు. అది అమావాస్య ముగిసే క్షణం. వంక కంటికి కనబడే క్షణం వేరు. చంద్రుడు సూర్యుడికి ఏడు డిగ్రీల లోపు ఉంటే కనబడే అవకాశమే లేదంటారు. ఆ పైన మబ్బు, దుమ్ము, చూసేవాడి కన్ను, పడమట కొండ అడ్డుందా లేదా అన్నీ లెక్కలోకి వస్తాయి. "చూసి రోజా ఉండండి, చూసి విరమించండి, మబ్బు పడితే ముప్పై నింపండి" అన్న హదీసు ఆ సందేహాన్ని ముందే ఊహించి దారి చూపించింది. మన పెద్దలు "విదియ నాడు కనబడకపోయినా తదియ నాడు తానే కనబడుతుంది" అనలేదూ? మహా అయితే ఒక్క రోజు.

ఇక ఎదురుచూపు. హైదరాబాద్‌లో రుయతె హిలాల్ (నెలవంక దర్శన) కమిటీ చాంద్రమాసం ఇరవై తొమ్మిదో తేదీ సాయంత్రం కూర్చుని, వేరే ఊళ్ల నుంచి వచ్చే సాక్ష్యాలు సరిచూసి చెబుతుంది. 2024లో కేరళ ఏప్రిల్ 10న ఈద్ చేసుకుంటే మనం 11న చేసుకున్నాం. ఒకే దేశంలో ఇలా ఉన్నప్పుడు, నువ్వొక్కడివే లెక్క వేసుకుని ముందురోజు ఈద్ అంటే రాయచోటి మరిదికి నీకు తేడా ఏముంది? లెక్క వైపు రావాలంటే ఉలమాలు, కమిటీలు కలిసి రావాలి. వస్తే నేను సంతోషిస్తాను. రాలేదు కాబట్టి ఊరితోనే ఉంటాను.

నీ చదువుకు ఇంట్లో పని చెబుతాను. ఇరవై ఐదో రోజా నాటికే చంద్రుడి వయసు, పొద్దు గుంకాక ఎంతసేపు నిలుస్తాడో చూసి "ఈసారి ఇరవై తొమ్మిదికే కనబడేలా ఉంది" అనో "ముప్పై ఖాయం" అనో అమ్మకు చెప్పు. మెహందీ పెట్టేవాళ్లకు, దర్జీకి, మాంసం కొట్టుకు ఆవిడే కబురు పెడుతుంది. చాలాసార్లు నీ మాటే నిజమవుతుంది. నీ టికెట్ మాత్రం ఇరవై ఎనిమిదో రోజాకే తీసుకో, చాంద్ రాత్‌కు (ఈద్ ముందు రాత్రికి) ఇంట్లో ఉంటావు. ప్రభుత్వాలు కూడా ఇలాగే రెండు తేదీలు మనసులో పెట్టుకుంటాయి. 2025లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి సాంఘిక శాస్త్రం పరీక్ష మార్చి 31 నుంచి ఏప్రిల్ 1కి జరిగింది ఇందుకే.

టీచరమ్మా, మా నాన్నగారు పోయి నెల దాటింది. అమ్మ ఇద్దత్‌లో (భర్త పోయాక పాటించే గడువులో) ఉంది. నాలుగు నెలల పది రోజులను నేను ఇంగ్లిషు తేదీలతో లెక్కించాను. మా మేనత్త ఒప్పుకోవడం లేదు, 130 రోజులంటోంది. పైగా కుటుంబ పింఛను కాగితాల మీద అమ్మ సంతకం కావాలన్నారు, బ్యాంకుకు రమ్మన్నారు. మేనత్త గడప దాటనివ్వడం లేదు.
ఒక కూతురు, గుంటూరు

తల్లీ, ఈ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ముందు లెక్క తేలుద్దాం, అది తేలిక.

ఖురాన్‌లో వితంతువుకు చెప్పిన నాలుగు నెలల పది రోజులు చాంద్రమాన నెలలే. జనవరి, ఫిబ్రవరి కావు. హనఫీ పద్ధతిలో భర్త చాంద్రమాసం మొదటి తేదీన పోతే నెలవంకలను బట్టి నాలుగు నెలలు, ఆ పైన పది రోజులు. నెల మధ్యలో పోతే నెలకు ముప్పై చొప్పున మొత్తం 130 రోజులు. మీ మేనత్త మాట ఇక్కడ నిజమే. ఉదాహరణకు 2025 జూన్ 5నే తీసుకోండి. మన దగ్గర అది బక్రీద్‌కు రెండు రోజుల ముందు, జిల్‌హజ్ నెల 8. ఆ రోజు నుంచి లెక్కిస్తే 130వ రోజు అక్టోబర్ 12. ఇంగ్లిషు నెలలతో లెక్కిస్తే అక్టోబర్ 14 అవుతుంది. అంటే మీ లెక్క ప్రకారం అమ్మ అవసరం లేని రెండు రోజులు అదనంగా కూర్చోవాల్సి వచ్చేది. గర్భవతి అయితే ఈ లెక్కేదీ లేదు, కాన్పుతో ఇద్దత్ ముగుస్తుంది.

లెక్క మొదలయ్యేది ప్రాణం పోయిన ఘడియ నుంచి. చెహ్లుం (నలభయ్యో రోజు) నుంచి కాదు, చుట్టాలందరూ వచ్చి వెళ్లిన రోజు నుంచి కాదు. మన రోజు మగ్రిబ్‌తో (పొద్దు గుంకడంతో) మొదలవుతుందన్నది కూడా చూసుకోండి. గురువారం రాత్రి ఎనిమిదికి పోతే చాంద్రమాన తేదీ శుక్రవారానిదే. మరణ ధ్రువపత్రం మీద మాత్రం గురువారం తేదీ ఉంటుంది. వంటింటి క్యాలెండరులో ఆ గడి పక్కన పెన్సిలుతో 1 అని వేసి, రోజూ ఒక అంకె పెంచుకుంటూ పోండి. మా అత్తగారి ఇద్దత్‌కు నేను చేసింది అదే. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ "ఎన్నాళ్లయింది?" అని అడిగేవారు, ఆవిడ మాట్లాడకుండా గోడ వైపు చూపించేది. ఆ అంకెలు లేకపోతే ప్రతి చుట్టమూ ఒక లెక్క చెప్పి ఉండేవాళ్లు.

ఇక గడప. ఇద్దత్‌లో ఉన్న వితంతువు అవసరానికి పగటిపూట బయటకు వెళ్లవచ్చనీ, రాత్రికి ఇంటికి చేరాలనీ హనఫీ ఫిఖ్‌లోనే ఉంది. వైద్యం, బతుకుతెరువు అవసరం కాక మరేమిటి? పింఛను ఆవిడ బతుకుతెరువు. అయినా ముందు బ్యాంకు వాళ్లను అడగండి, ఇంటికే వచ్చి సంతకం తీసుకునే వీలుందేమో. లేదంటే ఒక పూట ఆటోలో తీసుకెళ్లి తీసుకురండి. మేనత్తకు మీరు చెబితే వినకపోవచ్చు. మీ మసీదు ఇమామ్ గారి చేత ఫోన్లో ఒక్క మాట చెప్పించండి. ఆవిడ లెక్క సరైనదని కూడా ఆయనతోనే అనిపించండి, సగం కోపం అక్కడే దిగిపోతుంది.

టీచరమ్మ గారికి నమస్కారం. మా పక్కింటి బీబీ గారి పిల్లలు మా ఇంట్లోనే పెరిగారు. ఒకప్పుడు రంజాన్ మండుటెండల్లో వచ్చింది, తర్వాత చలికాలం వైపు జరిగిపోయింది. మాకూ చంద్రుడి నెలలే కదా, మా ఉగాది ఎటూ పోదే. ఏమిటీ తేడా?
ఒక గృహిణి, తెనాలి

మంచి ప్రశ్న అమ్మా. మీ నెలలూ మా నెలలూ ఒకే చంద్రుడివి. ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్యకు ఇరవై తొమ్మిదిన్నర రోజుల పైచిలుకు, పన్నెండు నెలలకు 354. సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తరుగు. మీ పంచాంగకర్తలు ఆ తరుగును పోగుచేసి పందొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు వేసి పూడుస్తారు. అందుకే ఉగాది మామిడి పూతను వదిలిపోదు. ఇస్లాంకు ముందు అరబ్బులు కూడా నెలలను వెనక్కి నెట్టేవారు, దాన్ని నసీ అనేవారు. ఖురాన్ దాన్ని నిషేధించింది. అప్పటి నుంచి మా నెలలు ఋతువులన్నీ తిరిగి వస్తాయి, చుట్టు పూర్తి కావడానికి సుమారు ముప్పై మూడేళ్లు. 2030లో రంజాన్ రెండుసార్లు మొదలవుతుంది, జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర మరోసారి.

మా ఇళ్లలో దీని ప్రభావం వింతగా ఉంటుంది. 2017, 2018లో మేనెలాఖరు, జూన్ ఎండల్లో తొలి రోజా ఉన్న పిల్లలు ఆ గొప్ప ఇప్పటికీ చెప్పుకుంటారు. చలికాలంలో రోజా కుషాయీ (తొలి రోజా వేడుక) జరిగిన చెల్లెళ్లను లెక్కలోకే తీసుకోరు. నిజానికి మన ప్రాంతంలో రోజా పొడవు ఎండాకాలానికి, చలికాలానికి రెండు గంటలే తేడా. బాధంతా దాహానిదే. వచ్చే రంజాన్‌కు మీ ఇంటి పిల్లలు ఆ గుమ్మంలో ఆడుకుంటుంటే మంచినీళ్ల బాటిల్ దాచక్కర్లేదు. బీబీ గారి పిల్లలు అలవాటుపడినవాళ్లే.

జకాత్‌ను (పేదలకు విధిగా తీసే సొమ్మును) ఏటా మార్చి 31న, ఆదాయపు పన్ను లెక్కతో పాటే తీస్తున్నాను. సరేనా?
ఒక వ్యాపారి, కర్నూలు

జకాత్‌కు ఏడాది అంటే చాంద్రమాన సంవత్సరం. మీ లెక్కలో ప్రతిసారీ పదకొండు రోజులు ఆలస్యమవుతోంది. ముప్పై మూడేళ్లలో ఒక ఏడాది జకాత్ ఎగిరిపోతుంది, అది పేదవాడి సొమ్ము. ఖాతా పుస్తకాల వల్ల మార్చి 31 తప్పదంటే రెండున్నర శాతానికి బదులు 2.577 శాతం తీయమని ఇస్లామిక్ ఆర్థిక సంస్థల ప్రమాణాల్లో ఉంది. లేదా ఏదో ఒక రంజాన్ తేదీ పెట్టుకోండి, మన వాళ్లలో చాలామంది చేసేది అదే.

టీచర్ గారూ, మాది నల్లగొండ. మా నానీకి ఎనభై నిండిన పండుగ చేయాలనుకున్నాం. ఆధార్‌లో 1950 జనవరి 1 అని ఉంది. ఆవిడేమో "పోలీసు చర్యకు ముందటి పీర్ల పండుగ నాడు, షహాదత్ (బలిదానం) రోజున పుట్టాను" అంటుంది. ఎప్పుడు చేయాలి?
ఒక మనవడు

ఆధార్ సంగతి వదిలేయ్ బాబూ. ఆ కాలం వాళ్లలో సగం మంది జనవరి 1నే పుట్టారు, జూలై 1న పుట్టినవాళ్లు మిగతా సగం. నానీ ఇచ్చిన ఆనవాలు మేలైనది. పోలీసు చర్య 1948 సెప్టెంబర్. దానికి ముందటి మొహర్రం పదో రోజు హిజ్రీ (ఇస్లామీ శకం) 1367లో వచ్చింది, ఇంగ్లిషు తేదీ సుమారు 1947 నవంబర్ 24. ఆ లెక్కన ఇంగ్లిషు ఏళ్లలో ఎనభై నిండేది 2027 నవంబర్‌లో. చాంద్రమానంలో అయితే 2025 జూలై 6న, మొహర్రం పదో రోజునే 1447తో ఎనభై నిండిపోయాయి.

షహాదత్ రోజున వేడుక ఎలాగూ చేయరు. కాబట్టి మీకు నచ్చిన ఏ ఆదివారమైనా, అందరికీ సెలవు కుదిరినప్పుడు చేసేయండి. ఆవిడ వయసు ఎనభై దాటిందని ముందు ఆవిడ చేత ఒప్పించండి, మా అమ్మ చివరిదాకా ఒప్పుకోలేదు.